ఎక్స్‌రే ఫిల్ము మీద అక్క

నల్లగొండలో నేను కిరాయికుంటున్న ఇంట్లో రెండే గదులు. ముందు గది కెమెరాది, వెనక గది నాది. ఇల్లు మాట్లాడుకున్న రోజే ఈ సంగతి చెబితే ఓనరమ్మ నవ్వి ఊరుకుంది. సామాను దిగాక నవ్వలేదు. గుమ్మంలో నిలబడి చాలాసేపు చూసి, "కెమెరా అంటే మెడల ఏసుకునేది అనుకున్న గద మేడం. గిదేంది, బీరువ లెక్కున్నది?" అంది. నా గాజుల్లేని చేతుల వంక కూడా చూసింది. ఏదో అడగబోయి మానేసింది. అడిగినా నేను చెప్పేదాన్ని కాదు.

గాజుల సంగతి ఇక్కడ చెప్పేస్తాను. నేను దవాఖానలో ఎక్స్‌రే తీసేదాన్ని. ఎక్స్‌రే ఫిల్ముకు రెండు వైపులా మందు పూత ఉంటుంది. మందు నీళ్లలో నానితే ఆ పూత మీగడలా మెత్తబడుతుంది. గాజు తగిలినా, గోరు తగిలినా గీత పడుతుంది, ఆ గీత ఇక పోదు. ఉద్యోగంలో చేరిన కొత్తలోనే గాజులు తీసి పెట్టాను, గోళ్లు చివరికంటా కత్తిరించుకోవడం అలవాటైంది. నా పెళ్లి నిలబడని మాట కూడా నిజమే. కానీ ఆ రెండింటినీ కలిపి నా ముఖంలోకి జాలిగా చూసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

తెలంగాణ వచ్చిన కొన్నాళ్లకు మా ఎక్స్‌రే గదిలోకి కంప్యూటరు మిషను దిగింది. చీకటి గదికి తాళం పడింది. గడువు దాటిన ఫిల్ము డబ్బాలు మూలన మిగిలిపోయాయి. పారెయ్యమన్నారు. అడిగి, ఇంటికి తెచ్చుకున్నాను. ఇన్నేళ్లు ఆ ఎర్ర లైటు కింద ఒక్కదాన్నే నిలబడి పని చేశాను, ఆ డబ్బాలు చెత్తకుప్పలో కనబడితే చూడలేననిపించింది, అంతే.

తరువాత ఒకనాడు అన్నం తింటూ ఉండగా తట్టింది. ఎక్స్‌రే ఫిల్ము మామూలు వెలుతురుకు కూడా నల్లబడుతుంది. మరి దానితో ఫోటో ఎందుకు తియ్యకూడదు? ఛాతీ ఎక్స్‌రేకు వాడే ఆ పెద్ద ఫిల్ము పట్టే కెమెరా బజారులో దొరకదు కాబట్టి చేయించుకోవాలి. పెట్టె ఒక కిటికీల వడ్రంగి చేశాడు. దాని ముందు వెనకలను కలిపే మడతల తిత్తిని నల్ల రెక్సిన్‌తో బ్యాగులు కుట్టే దర్జీ కుట్టాడు. అద్దం, అదే లెన్సు, ఆలేరులో మూతబడిన ఒక ప్రెస్సులో దొరికింది. వెనకటికి అచ్చు ప్లేట్లు చేసేటప్పుడు వాడేవారట, సీసపు దిమ్మంత బరువుంటుంది. దానికి మీట లేదు, బటను లేదు. నా టిఫిను డబ్బా మూత సరిగ్గా సరిపోయింది. మూత తీస్తే వెలుతురు లోపలికి పోతుంది, పెడితే ఆగిపోతుంది. అదే నా కెమెరా.

దీనికయ్యే ఖర్చు ఎంతని అందరూ అడుగుతారు. పైసల సంగతి వదిలెయ్యండి. నా కుడి భుజం ఖర్చయింది. దాన్ని ఎక్కించుకోవడానికి ఆటోవాళ్లను బతిమాలడంలో నా మర్యాద ఖర్చయింది. పొద్దున బయలుదేరి, గుట్టల దగ్గర దింపుకుని, గాలి ఆగేదాకా కూర్చుని, ఒక్క ఫిల్ముకు వెలుతురు చూపించి, ఇంటికొచ్చి కడిగితే అది బూడిద రంగు పొగలా వచ్చిన రోజులు లెక్కలేనన్ని. గడువు దాటిన ఫిల్ము మరి. దారిన పోయేవాళ్లు ఆగి, "నా ఫోన్ల తీస్త రా మేడం, అయిదు నిమిషాల్ల అయిపోతది" అంటారు. అయిపోతుంది, నాకు తెలుసు. అయిపోకూడదనే కదా నేను ఇంత బరువు మోస్తున్నది. ఈ మాట వాళ్లతో అనను. అన్నా వినేదాకా ఆగరు.

సంతోషం ఎక్కడుందంటే నల్లగుడ్డ కింద ఉంది. కెమెరా వెనక గరుకు గాజు పలక ఉంటుంది. ఎదురుగా ఉన్నది ఏదైనా దాని మీద పడుతుంది, రంగులతో సహా, తలకిందులుగా. అది చూడాలంటే గుడ్డ కప్పుకుని లోపల చీకటి చేసుకోవాలి. అందులో దూరితే ఊరి రొద దూరమైపోతుంది. కందిచేను ఆకాశం నుంచి కిందికి వేలాడుతూ ఊగుతుంది. మేకలు పైకప్పు మీద నడుస్తాయి. పిల్లలెంతమంది అని, ఒక్కదానివే ఎట్లుంటవమ్మా అని అక్కడ ఎవరూ అడగరు. ఎంతసేపున్నానో నాకే తెలియని రోజులున్నాయి.

మనుషుల్ని తియ్యడం మాత్రం కష్టం. మూత తెరిచి ఉన్నంతసేపూ మనిషి కదలకూడదు. అంతసేపు ఎదుట కదలకుండా కూర్చోవాలంటే ఆ మనిషికి మన మీద కొంచెమైనా ఇష్టం ఉండాలి. అట్లాంటివాళ్లు నాకు ఎంతమంది ఉన్నారో ఈ కెమెరా చేయించుకున్నాకే తెలిసింది. తెలియకపోతే బాగుండేది.

నారాయణపేటలో ఒక నేత ఇంట్లో మగ్గం తియ్యనిచ్చారు. పెళ్లి కోసం నేస్తున్న ఎర్రచీర సగం దాకా వచ్చి ఉంది. ఆ ఇంటి పెద్దామె పనంతా ఆపించి, కొడుకును మగ్గం ముందు కూర్చోబెట్టి, కదిలితే తిడతానని కూడా బెదిరించింది. ఫోటో బాగా వచ్చింది. మందు పూసిన పెద్ద కాగితం మీద ఫిల్మును పరిచి, ఎండ చూపించి అచ్చు తీసి, మళ్లీ అంత దూరం బస్సెక్కి తీసుకుపోయి ఇచ్చాను. ఆమె అటూ ఇటూ తిప్పి చూసి, "పెండ్లి చీరను నల్లగ జేసినవేందమ్మా?" అంది. ఎక్స్‌రే ఫిల్ముకు ఎరుపు కనబడదు. అందుకే చీకటి గదిలో ఎర్ర లైటు పెడతాం. ఎర్రగా ఉన్నదల్లా దాని కంటికి చీకటే. ఇదంతా విడమరచి చెప్పాను. "గట్లనా" అంది. కాగితాన్ని బోర్లా తిప్పి గూట్లో పెట్టింది, చాయ్ మాత్రం తాగి పొమ్మంది. తిరుగు బస్సులో నాకు ఏడుపొచ్చింది. చీర నలుపైనందుకు కాదు. నేను చేసిన పని చూసి ఆమె సంబరపడాలని అంతగా ఆశపడ్డానని అప్పుడే తెలిసి.

అసలు నాకు కావలసిన ఫోటో ఒక్కటే. మా అక్కది. మిగతావన్నీ చెయ్యి తిరగడం కోసం తీసినవే.

మా ఊరు మునుగోడు దిక్కు. ఆ నేలలో ఫ్లోరైడు నీళ్లు ఎముకల్ని పట్టి పీడించిన సంగతి మా జిల్లాలో ఎవరికీ కొత్త కాదు. మా అమ్మ పోయేనాటికి నేను చిన్నదాన్ని. అక్కే నన్ను పెంచింది. ఆమె బడికి పోలేదు కానీ నన్ను పట్టుబట్టి నల్లగొండ హాస్టల్లో వేసింది. నేను హాస్టల్ నీళ్లు తాగి పెరిగాను, ఆమె మా బోరింగు నీళ్లు తాగుతూ కూలికి పోయింది. ఆమె నడుము ముందు వంగింది, ఆ తరువాత మెడ బిగుసుకుంది. నా వెన్ను నిటారుగా ఉందంటే అది నా గొప్ప కాదు. ఇప్పుడు ఇంటింటికీ కృష్ణ నీళ్లు వచ్చాయి. వంగిన ఎముక వెనక్కి రాదు.

అక్క ఎక్స్‌రేలు ఎన్నో సార్లు నేనే తీశాను. సున్నం కొట్టినట్టు తెల్లగా, చిక్కగా ఉండే ఆ వెన్నుపూసలు నాకు కంఠతా వచ్చు. ఆమె ముఖం ఉన్న ఫోటో మాత్రం ఒక్కటీ లేదు. ఏ శుభకార్యంలోనైనా ఫోటోలవాడు వచ్చాడంటే అక్క వంటింట్లోకి పోయేది. పిలిస్తే, "నా నెత్తి తప్ప ఏమొస్తదిరా గా ఫోటోల" అనేది. అది నిజమే. ఎదురుగా నిలబడి తీస్తే ఆమె మాడు పడుతుంది, ముఖం పడదు. ఆధార్ కార్డు కోసం మాత్రం ఎవరో గడ్డం కింద చెయ్యి పెట్టి పైకి ఎత్తి పట్టుకున్నారట. ఆ ఫోటోలో ఆమె కళ్లలో నొప్పి తప్ప ఇంకేమీ లేదు.

డబ్బాల్లో ఫిల్ము అడుగంటుతూ వచ్చింది. ఉన్నవాటిలోనూ మసక పట్టనివి వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని మిగిలాయి. అక్కకు ఆయాసం మొదలైంది. ఫిల్ము ముందు అయిపోతుందా, అక్క ముందు పోతుందా అన్న ఆలోచన రోజూ పొద్దున్నే వచ్చేది. అంత పాపిష్టి ఆలోచన వస్తోందని నన్ను నేను తిట్టుకునేదాన్ని, అయినా వచ్చేది.

ఊరికి పోయి అడిగితే మొదట ససేమిరా అంది. నేను పోరుపెడితే చివరికి ఒక షరతు పెట్టింది.

"తీస్తె తియ్యి గని, అది నా దగ్గర్నే ఉండాలె. నువ్వు పెద్దగ జేసి గోడకు గొడ్తె వచ్చినోళ్లంత నా మెడ జూస్తరు."

సరేనన్నాను. ఏం అడిగినా సరేననేదాన్నే.

అక్క కొడుకు ట్రాలీ ఆటో నడుపుతాడు. కట్టంగూరు దాకా బేరానికి వచ్చినవాడు, నల్లగొండకు వచ్చి కెమెరాను, నన్ను ఊరికి ఎక్కించుకుపోయాడు. దాన్ని ఇంట్లో దింపి మళ్లీ పనికి పోయాడు. ఇంట్లో మేమిద్దరమే మిగిలాం. తలుపు దగ్గర వెలుతురు మెత్తగా ఉంది. అక్కను నులక మంచం అంచున కూర్చోబెట్టాను. ఆమె చూపు నేల మీద ఎక్కడ పడుతోందో చూసి, సరిగ్గా అక్కడ రెండు ఇటుకల మీద కెమెరాను పెట్టి, అద్దాన్ని పైకి తిప్పాను. నేను బోర్లా పడుకుని నల్లగుడ్డలో దూరాను. మట్టి వాసన, కోళ్ల గంప వాసన. గాజు పలక మీద అక్క కనబడింది.

తలకిందులుగా కనబడింది కాబట్టి, కిందికి వంగిన ఆ ముఖం ఆకాశం దిక్కు ఎత్తినట్టుంది. నుదురు విశాలంగా ఉంది, కళ్లు పెద్దవి. నేను హాస్టలు గేటు దగ్గర చివరిసారి నిటారుగా చూసిన మనిషి అక్కడ ఉంది. గుడ్డలోనే ఉండిపోయాను. కాసేపటికి పైనుంచి ఆమె గొంతు వినబడింది.

"నిద్రవోయినవా ఏంది?"

"లేదక్కా. చూస్తున్న."

"ఇన్నేండ్లు జూడలేదా?"

ఫిల్ము పెట్టి, మూత మీద చెయ్యి వేశాను. దవాఖానలో అలవాటైన మాట నోట్లోంచి వచ్చేసింది. "ఊపిరి బిగబట్టు. కదలకు."

"ఫోటోకా, ఎక్స్‌రేకా?" అని నవ్వింది అక్క. నవ్వు ఆగేదాకా ఆగాను. ఆ నవ్వు వెలిసిపోతూ ముఖంలో ఇంకా కొంచెం మిగిలి ఉండగా మూత తీశాను. నేను తీసిన మనుషులందరిలోకీ ఆమే కదలకుండా కూర్చుంది.

అయిపోయాక, "నీదేది?" అంది. నాది తియ్యడానికి ఎవరూ ఉండరని చెప్పాను. నిజంగానే నా ఫోటో ఒక్కటీ నా దగ్గర లేదు. ఉద్యోగంలో గుర్తింపు కార్డు కోసం దిగినదే చివరిది.

"నేను లేనా? మూత దీసుడే గద. కూసో."

మంచి ఫిల్ము ఇంకొక్కటే ఉంది. దాన్ని అక్కదే ఇంకొకటి తియ్యడానికి దాచుకున్నాను, మొదటిది చెడితే పనికొస్తుందని. ఆ మాట చెప్పాను. "చెడితె చెడని" అంది. ఆమె పట్టు పట్టిందంటే వదలదు. నేను కూర్చోవలసిన చోట ఒక బిందె పెట్టి, గాజు పలక మీద చూసి సరిచేసుకుని, బిందె తీసి నేల మీద నేను కూర్చున్నాను. కెమెరా కిందనే ఉంది కాబట్టి మూత ఆమె చేతికి అందుబాటులో ఉంది.

"డబ్బ దిక్కు గాదు, నా దిక్కు సూడు," అంది.

చూశాను. మూత తీసింది. నేను మనసులో లెక్కపెట్టుకుంటున్నాను, చాలు, ఇక పెట్టెయ్ అనాలి, కానీ నోరు కదిలిస్తే చెడుతుంది. అక్క మూత చేత్తో పట్టుకుని తల అంత కష్టం మీద పక్కకు తిప్పి, కింద కూర్చున్న నన్ను చూస్తూ ఉండిపోయింది. తనకు చాలనిపించినప్పుడు పెట్టింది.

నల్లగొండకు వచ్చి రెండూ కడిగాను. నాది వెలుతురు ఎక్కువై చాలా నల్లగా వచ్చింది. అక్కది ఒక్క గీత లేకుండా వచ్చింది. షరతు ప్రకారం ఆరిన వెంటనే పట్టుకుపోయాను. అంత పెద్ద ఫిల్ము పట్టే కవరు నా దగ్గర దవాఖానదే ఉంది, గోధుమ రంగుది. అందులో పెట్టి ఇచ్చాను.

అక్క దాన్ని కిటికీకి అడ్డం పట్టి చూసింది. ఫిల్ము మీద అన్నీ ఉల్టా కదా, తెల్లవి నల్లగా, నల్లవి తెల్లగా. ఆమెకు ఆ సంగతి ఎక్స్‌రేలతోనే అలవాటు. ముఖం పైకి చూస్తున్నట్టు వచ్చేలా తిప్పి పట్టుకుంది.

"నా ఎంటికలు మల్ల నల్లగైనయ్ సూడు," అంది.

కాగితం మీద అచ్చు తీస్తే ఇంకా బాగుంటుందన్నాను. ఒక్కటి తీసి ఇస్తాను, ఎవరికీ చూపించను అన్నాను.

"కాయితం మీద ఏస్తె తెల్లగైతయి గద? ఒద్దు. గిట్లనే ఉండని. జర ఒయసుల ఉన్నట్టున్న."

ఆమె దాన్ని మళ్లీ కవరులో పెట్టి, తన మందుల సంచి పక్కన, పాత ఎక్స్‌రేలు పెట్టుకునే చోటే పెట్టుకుంది. తరచూ తీసి చూసుకుంటున్నట్టే ఉంది. కవరు అంచులు మెత్తబడ్డాయి.

వానాకాలం మొదట్లో అక్క పోయింది. కబురు అందిన వెంటనే పోయాను, ఆమెను సాగనంపాం. నాకు జ్వరం తగులుకుని నడిమి రోజుల్లో నల్లగొండకు వచ్చి పడుకున్నాను. దినాలకు మళ్లీ పోయాను. ఇల్లంతా కడిగి, సున్నం వేసి, శుభ్రంగా ఉంది. కుర్చీలో దండ వేసిన ఫోటో ఉంది. ఆధార్ కార్డులోదాన్నే పెద్దది చేయించారు. గడ్డం కింద పట్టుకున్న ఆ వేళ్లను చెరిపేయించారు కానీ కళ్లలోది చెరపలేదు.

నేను లోపలికి పోయి మందుల సంచి ఉండే చోటు చూశాను. అక్కడ కొత్త సున్నం ఉంది. మా దిక్కు మనిషి పోయాక ఆ మనిషి పడుకున్న చాప, దుప్పటి, మందులు ఊరి బయట పడేస్తారు, రోగం ఇంట్లో మిగలొద్దని. అక్క కొడుకు నా వెనకే వచ్చాడు.

"దవాఖాన సామాన్లన్ని తీసిన చిన్నమ్మా. మందులు, కాయితాలు, ఎక్స్‌రేలు. గా కవర్లన్ని గడ్డివామి అవుతల కాలవెట్టినం. ఇంట్ల ఉంచద్దన్నరు పెద్దోళ్లు."

వాడు చెయ్యవలసినదంతా పద్ధతిగా చేశాడు. దవాఖాన కవరులో ఉన్నది దవాఖానదే అనుకున్నాడు, ఎవరైనా అదే అనుకుంటారు. అక్క ఆ ఫోటోను వాడికి కూడా చూపించలేదని నాకు అప్పుడు తెలిసింది.

నేను గోడకానుకుని కూర్చున్నాను. ఏడుస్తున్నాననుకుని వాడు నీళ్లు తెచ్చి ఇచ్చి పక్కన కూర్చున్నాడు. మెల్లగా, నొప్పించాలని కాదు, మనసులో ఉన్నది ఆగక అడిగాడు.

"గుట్టలు దీస్తివి, మగ్గాలు దీస్తివి. అంత పెద్ద కెమెర పెట్టుకొని అమ్మది ఒక్కటన్న తియ్యకపోతివి చిన్నమ్మా. ఆ రోజు నేనే గద తెచ్చిన దాన్ని."

నా చేతిలో చెంబు ఉంది. తీశానంటే, అది ఎక్కడుందని అడుగుతాడు. ఎక్కడుందో వాడికి తెలిసిన రోజు నుంచీ వాడు గడ్డివాము పక్క నుంచి నడవలేడు.

"దిగనన్నది బిడ్డ. మీ అమ్మ సంగతి నీకెర్క లేదా," అన్నాను.

"గంతే ఉంటది," అని తల ఊపాడు. వాడికి కొంచెం ఊరట కలిగినట్టుంది.

నన్ను ఇంటికి దింపడానికి వచ్చినప్పుడు వాడు ముందు గది గోడ మీద నా ఫోటో చూశాడు. ఆ నల్లటి ఫిల్మును ఎండలో చాలాసేపు పెడితే తప్ప అచ్చు దిగలేదు. దిగాక మాత్రం మంచిగా దిగింది. ఇదెవలు తీసిన్రని అడిగితే మీ అమ్మనే అని చెప్పాను. వాడు చెప్పులు విడిచి లోపలికి వచ్చి దగ్గరగా నిలబడ్డాడు. మూత ఎట్లా పట్టుకుంది, ఎక్కడ నిలబడింది అని అడిగాడు. చూపించాను. తనకూ ఒకటి కావాలన్నాడు.

"బతికున్న మనిషి ఫోటో మీ అమ్మ ఫోటో పక్కన పెడ్తె ఊరోళ్లు ఏమంటరు?"

"ఏమన్న అననియి. గిది మా అమ్మ తీసిన ఫోటో అని జెప్త."

ఇప్పుడు అది వాళ్లింట్లో గోడ మీద ఉంది. ఫిల్ము అయిపోయింది, కెమెరా మీద దుప్పటి కప్పాను. ఊరికి పోయినప్పుడు అక్క ఫోటో ముందు దండం పెట్టుకుని, పక్కనున్న నా ముఖం వైపు చూస్తాను. నన్ను చూసుకోవడానికి కాదు. అక్క ఎదుట ఉన్నప్పుడు నేను ఎట్లా ఉండేదాన్నో అందులో ఉంది. ఆ చూపుతో చూడడానికి ఈ లోకంలో నాకు ఇప్పుడు ఎవరూ లేరు.